ఒకే స్టార్ట్ లైన్: సాహస క్రీడల్లో మగవాళ్లతో కలిసి పోటీపడే మహిళల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సెలవు రోజుల్లో హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టల్లో పరిగెత్తేవాళ్లలో నేనూ ఒకదాన్ని. నేను పరిగెత్తని వారం ఎవరో ఒకరి రేసులో ఎయిడ్ స్టేషన్ బల్ల వెనక నిలబడి నీళ్లు, అరటిపండ్లు, ఉప్పు చల్లిన ఉడికించిన బంగాళాదుంపలు అందిస్తుంటాను. అక్కడా, ఆఫీసులోనూ, చుట్టాల ఇళ్లలోనూ నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. కొన్ని ఆడపిల్లల తల్లులు అడిగినవి, కొన్ని తోటి మగ రన్నర్లు అడిగినవి. నిలబడి రెండు ముక్కల్లో చెప్పేసరికి ఎప్పుడూ ఏదో ఒకటి మిగిలిపోతోంది. అందుకే కూర్చుని రాశాను.

ఆడవాళ్లూ మగవాళ్లూ నిజంగా కలిసి పోటీపడే ఆటలు ఉన్నాయా?

ఉన్నాయి. మనం అనుకునేదానికంటే ఎక్కువే ఉన్నాయి. క్రికెట్, కబడ్డీ, బ్యాడ్మింటన్ చూస్తూ పెరిగాం కాబట్టి పురుషుల విభాగం, మహిళల విభాగం అని ప్రతి ఆటలోనూ ఉంటుందనుకుంటాం. కానీ మారథాన్ కంటే పొడుగైన పరుగుల్ని అల్ట్రా అంటారు, వాటిలో వంద కిలోమీటర్లు దాటేవాటిలో దాదాపు అన్నిచోట్లా అందరూ ఒకే గీత దగ్గర నిలబడి బయల్దేరతారు. ఖండాన్ని అడ్డంగా దాటే సైకిల్ రేసులు, ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టివచ్చే తెరచాప పడవల పోటీలు, ఎడారిలో వాహనాలతో సాగే డాకర్ ర్యాలీ, అలాస్కా మంచులో కుక్కలు లాగే బండ్ల రేసు ఇడిటరాడ్, ఇవన్నీ అంతే. పర్వతారోహణ పోటీ కాకపోయినా అక్కడా ఇదే లెక్క. ఎవరెస్ట్ ఎక్కడానికి ఆడవాళ్లకు వేరే దారి లేదు, తక్కువ ఎత్తూ లేదు.

కలిసి పరిగెత్తితే ఫలితాలు కూడా కలిపే ఇస్తారా?

రేసును బట్టి ఉంటుంది. అల్ట్రాల్లో సాధారణంగా ఓవరాల్ జాబితా ఒకటి, దాని లోపల మహిళల జాబితా ఒకటి ఉంటాయి. ఒక అమ్మాయి ఓవరాల్‌గా 14వ స్థానంలో వచ్చి మహిళల్లో మొదటిది కావచ్చు. ఇడిటరాడ్‌లో అలా కాదు, ఉండేది ఒక్క జాబితానే.

మగవాళ్లందరినీ దాటి ఒక మహిళ మొదటి స్థానంలో వచ్చిన సందర్భాలు చెప్పగలరా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లలో సగం మంది నేను తడుముకుంటానని అనుకుంటారు. నిజానికి ఎక్కడ ఆపాలన్నదే నాకు కష్టం.

ఇడిటరాడ్‌తోనే మొదలుపెడతాను. అలాస్కాలో నోమ్ పట్టణం దాకా సుమారు 1,600 కిలోమీటర్ల మంచు దారి. 1985లో మిగతావాళ్లు తుఫాను చూసి ఆగిపోతే, లిబ్బీ రిడిల్స్ తన కుక్కలతో గడ్డకట్టిన సముద్రం మీదికి వెళ్లింది. ఆ రేసు గెలిచిన మొదటి మహిళ ఆమే. ఆ వెంటనే సుసాన్ బుచర్ 1986, 1987, 1988లో వరసగా మూడుసార్లు, 1990లో మరోసారి గెలిచింది. ఆరేళ్లలో ఐదు రేసులు మహిళలవే.

2001లో డాకర్ ర్యాలీ కార్ల విభాగాన్ని జర్మనీకి చెందిన యూటా క్లైన్‌ష్మిట్ గెలిచింది. వేల కిలోమీటర్లు నడిపాక రెండో స్థానంలో ఉన్న హిరోషి మసువోకాకూ ఆమెకూ తేడా మూడు నిమిషాల లోపే. ఓవరాల్‌గా ఆ ర్యాలీ కార్ల విభాగం గెలిచిన మహిళ ఇప్పటికీ ఆమె ఒక్కతే.

డెత్ వ్యాలీ ఎండలో 217 కిలోమీటర్ల బ్యాడ్‌వాటర్ పరుగును పామ్ రీడ్ 2002లో గెలిచింది, 2003లో మళ్లీ గెలిచింది. మొదటిసారి అదృష్టం కలిసొచ్చిందన్నవాళ్లకు రెండోసారి ఆ మాట అనే అవకాశం లేకపోయింది. 2017లో యూటా రాష్ట్రంలోని మోయాబ్‌లో 240 మైళ్ల రేసును కోర్ట్నీ డావాల్టర్ 58 గంటల లోపు పూర్తిచేసింది. రెండో వ్యక్తి వచ్చేసరికి ఇంకో పది గంటలు గడిచాయి.

2019లో ఫియోనా కోల్బింగర్ అనే 24 ఏళ్ల జర్మన్ వైద్య విద్యార్థిని బల్గేరియాలోని బుర్గాస్ నుంచి ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ దాకా 4,000 కిలోమీటర్లు సైకిల్ తొక్కి ట్రాన్స్‌కాంటినెంటల్ రేసు గెలిచింది. పట్టిన సమయం 10 రోజుల 2 గంటల 48 నిమిషాలు. వెనకాల బండి ఉండదు, వంట చేసిపెట్టేవాళ్లు ఉండరు, ఎక్కడ పడుకోవాలో కూడా ఎవరికివారే చూసుకోవాలి. అలాంటి రేసులో ఆమె పాల్గొనడం అదే మొదటిసారి. ఇంకొంచెం తక్కువ నిద్రపోయి ఉండాల్సింది అని ఆ తర్వాత చెప్పింది.

జాస్మిన్ పారిస్ గురించి అంత చెప్తారు. ఏం చేసింది ఆమె?

బ్రిటన్‌కు చెందిన పశువైద్యురాలు. 2019 జనవరిలో స్పైన్ రేసులో పాల్గొంది. ఇంగ్లండ్‌లోని ఈడేల్ నుంచి స్కాట్లండ్ సరిహద్దు దాటేదాకా పెనైన్ కొండల మీద 431 కిలోమీటర్లు. చలికాలం నడిబొడ్డు కాబట్టి రోజులో మూడింట రెండొంతులు చీకటే. ఇంట్లో 14 నెలల కూతురు, ఇంకా పాలు తాగే పిల్ల. అందుకని చెక్‌పాయింట్లలో మిగతావాళ్లు తింటూ పడుకుంటూ ఉంటే, ఆమె ఆ ఆగే కాస్త సమయంలోనే పంపుతో పాలు తీసుకునేది. తీయకపోతే రొమ్ములు గడ్డకట్టి జ్వరం వస్తుందని పిల్లల్ని కన్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. 83 గంటల 12 నిమిషాల్లో రేసు ముగించింది. అంతకుముందున్న రికార్డు కంటే 12 గంటలు తక్కువ. ఆమె తర్వాత రేసు పూర్తిచేసిన మగవాడు రావడానికి దాదాపు 15 గంటలు పట్టింది.

అమెరికాలోని టెనెసీలో బార్క్‌లీ మారథాన్స్ అని ఇంకొకటుంది. పేరులో మారథాన్ ఉంది గానీ, అడవిలో ఐదు చుట్లు, వంద మైళ్లకు పైగా దూరం, ఎవరెస్ట్ ఎత్తుకు రెట్టింపు ఎక్కుడు. అన్నిటికీ కలిపి ఇచ్చే సమయం 60 గంటలు. జీపీఎస్ వాడకూడదు. అడవిలో అక్కడక్కడా దాచిన పుస్తకాలు వెతికి, తమ బిబ్ (రేసులో ఒంటికి తగిలించుకునే నంబరు చీటీ) మీదున్న నంబరు పేజీ చింపుకుని రావాలి, ఆ చోటికి వెళ్లామనడానికి అదే సాక్ష్యం. 1986లో మొదలైన ఆ రేసును 2024 దాకా పూర్తిచేసినవాళ్లు 20 మందే. దాన్ని పూర్తిచేయడం ఏ మహిళకూ సాధ్యం కాదని నిర్వాహకుడు చాలాసార్లు అన్నాడు.

2024 మార్చి 22. జాస్మిన్‌కు అది మూడో ప్రయత్నం. ఐదో చుట్టు నుంచి తిరిగొచ్చే దారిలో చివరి ముక్క ఎత్తు మీదికి. రేసు మొదలై ముగిసే గేటు దగ్గర జనం కేకలు పెడుతున్నారు. ఆమె కాళ్ల నిండా ముళ్ల గీతలు, ముఖం వాడిపోయి ఉంది, కళ్లు ఆ పసుపు రంగు గేటు మీదే ఉన్నాయి. చేత్తో గేటును తాకింది, అక్కడికక్కడే నేల మీద కూలబడింది. గడియారం 59 గంటల 58 నిమిషాల 21 సెకన్లు చూపిస్తోంది. ఇంకా 99 సెకన్లు మిగిలాయి. ఆ ఏడాది రేసు పూర్తిచేసిన ఐదుగురిలో ఆమె ఐదోది. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, గేటు తాకే క్షణం వచ్చేసరికి నా ఊపిరి ఇప్పటికీ ఆగుతుంది.

మగవాళ్ల శరీరం బలమైనది కదా, అది అబద్ధమా?

నిజమే, దాన్ని దాచి మాట్లాడటం నాకు ఇష్టం ఉండదు. యవ్వనంలో టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ వల్ల మగపిల్లల్లో కండ పెరుగుతుంది, గుండె పెద్దదవుతుంది, ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉంటుంది. అందుకే వంద మీటర్ల పరుగు నుంచి మారథాన్ దాకా ప్రపంచ స్థాయిలో మగవాళ్లకూ ఆడవాళ్లకూ 10 నుంచి 12 శాతం తేడా కనిపిస్తుంది. ఎంత శిక్షణ తీసుకున్నా అది చెరిగిపోదు. బరువులెత్తడం, విసరడం లాంటివాటిలో తేడా ఇంకా ఎక్కువ.

మరి దూరం పెరిగితే ఆ తేడా ఎందుకు తగ్గుతుంది?

దూరం పెరిగేకొద్దీ గుండె, కండ మాత్రమే గెలుపును తేల్చవు. మూడో రాత్రి కడుపు ఆహారాన్ని నిలుపుకోవాలి. పాదాల పొక్కుల్ని చూసుకోవాలి. నిద్ర లేకుండా దారి తప్పకుండా మ్యాపు చదవాలి. మొదటి ముప్పై కిలోమీటర్లలో ఉత్సాహానికి పోయి ఒళ్లు కాల్చుకోకూడదు. ఈ చివరి విషయంలో ఆడవాళ్లు మెరుగని మారథాన్ ఫలితాల మీద జరిగిన పరిశోధనల్లో కనిపించింది. సగం దూరం తర్వాత మగవాళ్ల వేగం ఎక్కువగా పడిపోతుంది, ఆడవాళ్లది తక్కువగా పడిపోతుంది. ఆడవాళ్ల కండరాలు అలసటను కాస్త ఎక్కువ తట్టుకుంటాయి, ఎక్కువసేపు సాగే శ్రమలో కొవ్వును ఇంధనంగా వాడుకోవడంలోనూ వాళ్లకు కొంత అనుకూలత ఉంది.

ఎయిడ్ స్టేషన్ బల్ల వెనక నుంచి నేను చూసింది కూడా ఇదే. రాత్రి రెండు గంటలప్పుడు, హెడ్‌ల్యాంపు వెలుగులో, మగవాళ్లు చాలామంది కుర్చీ చూడగానే కూలబడతారు. ఇంకెంత దూరం అని అడుగుతారు, మళ్లీ అడుగుతారు. ఆడవాళ్లు చాలామంది నిలబడే సీసా నింపుకుని, రెండు బంగాళాదుంప ముక్కలు చేతిలో పట్టుకుని, తింటూ నడుచుకుంటూ వెళ్లిపోతారు. అందరూ అలా ఉండరు, కానీ చాలాసార్లు చూశాను.

అయితే దూరం ఎక్కువైతే ఆడవాళ్లే మేలన్నమాట?

అలా కూడా అనలేం. పెద్ద అల్ట్రాల్లో ఇప్పటికీ ఎక్కువసార్లు మొదట వచ్చేది మగవాళ్లే. పైగా 300 కిలోమీటర్ల రేసుకు వచ్చే ఆడవాళ్లు తక్కువమంది. అంతదాకా వచ్చారంటే వాళ్లు ఎన్నో వడపోతల తర్వాత మిగిలినవాళ్లని అర్థం. వాళ్ల సగటును మగవాళ్ల సగటుతో పోల్చి తీర్పు చెప్పడం సరికాదు.

ఈతలో ఎలా ఉంటుంది?

చల్లని నీళ్లలో, చాలా దూరం ఈదాల్సి వస్తే మహిళల రికార్డులు అబ్బురంగా ఉంటాయి. చర్మం కింద కొవ్వు ఎక్కువ ఉండటం వల్ల వేడి తొందరగా పోదు, ఒళ్లు నీటి మీద తేలికగా తేలుతుంది. 1926లో గెర్ట్రూడ్ ఎడర్లీ ఇంగ్లిష్ ఛానల్ ఈదిన మొదటి మహిళ అయింది. అప్పటిదాకా ఈదిన మగవాళ్లలో అత్యంత వేగవంతుడి కంటే దాదాపు రెండు గంటలు తక్కువ సమయంలో అవతలి ఒడ్డు చేరింది. 2019 సెప్టెంబర్‌లో సారా థామస్ అదే ఛానల్‌ను ఆగకుండా నాలుగుసార్లు ఈదింది. 54 గంటలు నీళ్లలోనే ఉంది. దానికి ఏడాది ముందే రొమ్ము క్యాన్సర్ చికిత్స పూర్తయింది. ఆ పని అంతకుముందు ఏ మనిషీ చేయలేదు.

వాళ్ల శరీరం చిన్నది కాబట్టి, వేళ్లు సన్నవి కాబట్టి గెలిచారంటారు కదా?

లిన్ హిల్‌ని అలాగే అన్నారు. కాలిఫోర్నియాలోని యోసెమిటీలో ఎల్ క్యాపిటన్ అనే రాతిగోడ ఉంది, దాని మీద నోస్ అనే దారి సుమారు 900 మీటర్లు. 1958లో మొదటిసారి ఎక్కారు గానీ మేకులు కొట్టి, వాటిని పట్టుకుని ఎక్కారు. జారితే కాపాడటానికి మాత్రమే తాడు ఉంచుకుని, చేతులూ కాళ్లతో రాతిని పట్టుకునే ఎక్కడాన్ని ఫ్రీ క్లైంబింగ్ అంటారు. ఎంతోమంది మేటి మగవాళ్లు ప్రయత్నించి నోస్ ఆ పద్ధతిలో సాధ్యం కాదన్నారు. లిన్ హిల్ 1993లో నాలుగు రోజుల్లో ఎక్కింది. మరుసటి ఏడాది మళ్లీ వచ్చి 24 గంటల లోపే ఎక్కింది. ఇంకొకరు ఒక్క రోజులో దాన్ని ఫ్రీగా ఎక్కడానికి 2005 దాకా పట్టింది.

సన్నని పగుళ్లలో ఆమె వేళ్లు పట్టిన మాట నిజమే. ఆమె ఎత్తు ఐదడుగుల రెండంగుళాలన్నదీ అంతే నిజం. ఆరడుగులవాడు చెయ్యి చాస్తే అందే పట్టు కోసం ఆమె ఒళ్లంతా గాల్లోకి విసరాల్సి వచ్చేది. పొడుగు మనిషి గెలిస్తే పొడుగువల్లే గెలిచాడని ఎవరూ ఆ గెలుపును తగ్గించరు.

ఆడవాళ్లకు ప్రమాదమని ఆపేయడం వాళ్ల మంచికే కదా?

ఈ మాట విన్నప్పుడు నాకు స్కీ జంపింగ్ గుర్తొస్తుంది, స్కీలు కట్టుకుని ఏటవాలు మీద నుంచి జారి గాల్లోకి దూకే ఆట. మగవాళ్ల స్కీ జంపింగ్ 1924లో మొదటి వింటర్ ఒలింపిక్స్ నుంచే ఉంది. మహిళలకు అవకాశం 2014లో గానీ రాలేదు. 90 ఏళ్లు! వైద్యపరంగా అది ఆడవాళ్లకు తగినది కాదేమోనని అంతర్జాతీయ స్కీ సమాఖ్య అధ్యక్షుడు 2005లో కూడా అన్నాడు. 2010 వాంకూవర్ ఒలింపిక్స్ కోసం కట్టిన నార్మల్ హిల్ అనే దూకుడు వాలు మీద అప్పటికి అందరికంటే దూరం దూకిన రికార్డు అమెరికా అమ్మాయి లిండ్సే వాన్‌ది. మగవాళ్లతో కలిపి చూసినా ఆమెదే. అయినా ఆ ఒలింపిక్స్‌లో ఆమె దూకలేకపోయింది. క్రీడాకారిణులు కోర్టుకు వెళ్లారు. వివక్ష ఉందని జడ్జి ఒప్పుకున్నారు, కానీ నిర్ణయం అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీది కాబట్టి కెనడా చట్టంతో దాన్ని మార్చలేమని తీర్పు ఇచ్చారు.

ప్రమాదం లేదని నేను అనను. బ్రెజిల్ సర్ఫర్ మాయా గబీరా 2013లో పోర్చుగల్‌లోని నజారే దగ్గర పెద్ద అల కింద పడి స్పృహ తప్పింది, ఒడ్డున ఛాతీ నొక్కి బతికించారు. ఆ తర్వాత వెన్నుకు ఎన్నో ఆపరేషన్లు. ఏళ్ల తర్వాత అదే నజారేకు తిరిగొచ్చి, 2020 ఫిబ్రవరిలో 73.5 అడుగుల అల మీద సర్ఫ్ చేసింది. ఆ సీజన్‌లో ఆడా మగా కలిపి ఎవరూ అంత పెద్ద అల ఎక్కలేదు. ప్రమాదం ఎంతో ఆమెకు తెలిసినట్టు మనలో ఎవరికీ తెలియదు.

సర్ఫింగ్‌లో ఇద్దరూ కలిసే పోటీ ఉంటుందా?

హవాయిలోని వాయ్‌మియా బేలో ఎడ్డీ ఐకావు పేరుతో ఒక పోటీ ఉంది. అలలు చాలినంత పెద్దగా లేవకపోతే ఆ ఏడాది పోటీయే జరగదు, ఒక్కోసారి ఏళ్లు గడిచిపోతాయి. 2023 జనవరిలో అది జరిగినప్పుడు మొదటిసారి మహిళలు కూడా మగవాళ్ల పక్కనే, అవే హీట్లలో (విడతల్లో), అవే అలల మీద పోటీపడ్డారు. ఆ రోజు గెలిచింది అదే బీచ్‌లో డ్యూటీలో ఉన్న లైఫ్‌గార్డ్ ల్యూక్ షెపర్డ్‌సన్.

ప్రైజ్ మనీ సమానంగా ఉంటుందా?

అన్నిచోట్లా ఉండదు. 2018లో దక్షిణాఫ్రికాలో ఒక జూనియర్ సర్ఫింగ్ పోటీ ఫొటో బయటికొచ్చింది. అబ్బాయి చేతిలో 8,000 రాండ్ల చెక్కు అట్ట, పక్కన అమ్మాయి చేతిలో 4,000 రాండ్ల చెక్కు అట్ట. ఇద్దరూ నవ్వుతూ నిలబడ్డారు. ఎవరూ ఏమీ వివరించాల్సిన అవసరం లేకుండా అంకెలే కనిపించాయి. కొన్ని నెలలకే ప్రపంచ సర్ఫ్ లీగ్ 2019 నుంచి తన పోటీల్లో సమాన ప్రైజ్ మనీ ఇస్తామని ప్రకటించింది. దాని వెనక కాలిఫోర్నియాలో మావరిక్స్ అలల దగ్గర పోటీలో చోటు కోసం ఏళ్లపాటు పోరాడిన మహిళా సర్ఫర్ల కష్టం కూడా ఉంది.

మహిళలకు వేరే విభాగం తీసేసి అన్నీ కలిపేస్తే సరిపోతుందా?

వద్దు. విడి విభాగం లేకపోతే చాలా ఆటల్లో ఆడవాళ్ల పేర్లు ఫలితాల మొదటి పేజీలో కనిపించవు. అది లేకుండా చిన్నపిల్లలకు తమకంటే ముందు ఎవరో ఒకరు నడిచారన్న ధైర్యం రాదు. నా కోరిక రెండూ ఉండాలని: ఒకే గీత దగ్గర మొదలవ్వాలి, మహిళల జాబితా విడిగా కూడా ఉండాలి.

కలిపి ఉన్న పోటీని మూసేయడం మాత్రం నాకు మింగుడుపడదు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో స్కీట్ షూటింగ్, అంటే గాల్లోకి విసిరిన మట్టి బిళ్లల్ని తుపాకీతో కాల్చే ఆట, ఆడా మగా కలిసే ఆడారు. చైనాకు చెందిన జాంగ్ షాన్ బంగారు పతకం గెలిచింది. 1996లో స్కీట్ మగవాళ్లకే పెట్టారు. మహిళల స్కీట్ 2000లో వచ్చింది. అంటే మధ్యలో, గెలిచిన మనిషికి తన పతకాన్ని నిలబెట్టుకోవడానికి వెళ్లే దారే లేదు.

పిల్లలు పుట్టాక ఇవన్నీ కుదురుతాయా?

కుదురుతాయి, నిబంధనలు కుదరనిస్తే. 2018లో ఆల్ప్స్‌లో మోంట్ బ్లాంక్ చుట్టూ జరిగే 170 కిలోమీటర్ల యూటీఎంబీ రేసులో సోఫీ పవర్ అనే బ్రిటిష్ రన్నర్ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. చెక్‌పాయింట్‌లో ఒక పక్క మూడు నెలల బిడ్డకు పాలిస్తోంది, ఇంకో పక్క పంపు. చాలామంది ఎంత గొప్ప అన్నారు. ఆమె చెప్పింది వేరు. దెబ్బ తగిలితే ఎంట్రీని వచ్చే ఏడాదికి మార్చుకోవచ్చు, గర్భం వస్తే మార్చుకునే వీలు అప్పట్లో లేదు. లాటరీలో దొరికిన చోటు పోగొట్టుకోవడమో, పచ్చి బాలింతగా పరిగెత్తడమో, రెండే దారులు. ఆ ఫొటో తర్వాత చాలా రేసులు నిబంధన మార్చుకున్నాయి. మన దగ్గర రేసులు పెట్టేవాళ్లు కూడా ఈ ఒక్క వాక్యం తమ నిబంధనల్లో చేర్చితే అయ్యే ఖర్చు ఏమీ లేదు.

పీరియడ్స్ సమయంలో పరిగెత్తొచ్చా?

ఒంట్లో బాగుంటే పరిగెత్తొచ్చు. అంతకంటే పెద్ద విషయం ఇంకొకటుంది: శిక్షణ పెంచాక పీరియడ్స్ ఆగిపోతే ఫిట్‌నెస్ పెరిగిందని సంతోషించకండి. చేసే శ్రమకు తగినంత తిండి లేదని శరీరం చెప్పే మాట అది. అలాగే కొనసాగితే ఎముకలు గుల్లబారి సన్నని పగుళ్లు వస్తాయి. వెంటనే డాక్టరును కలవండి, కోచ్ ఏమన్నా సరే.

మన తెలుగువాళ్లలో ఎవరైనా ఉన్నారా?

మాలావత్ పూర్ణ పేరు చాలామందికి తెలుసు. నిజామాబాద్ జిల్లా పాకాల. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న గిరిజన అమ్మాయి. భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ నేర్చుకుని, డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో శిక్షణ పొంది, 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఆ శిఖరం చేరిన అమ్మాయిల్లో అందరికంటే చిన్నది. ఆమెతోపాటు ఎక్కినవాడు ఖమ్మం జిల్లా అబ్బాయి ఆనంద్ కుమార్. ఇద్దరికీ ఒకే శిక్షణ, ఒకే తాడు, ఒకే దారి. ఈ విషయం మీద రాసేటప్పుడు ఆ జంటే నాకు ముందు గుర్తొస్తుంది. పూర్ణ అక్కడితో ఆగలేదు, 2022లో డెనాలీ ఎక్కి ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలు పూర్తిచేసింది.

భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు ఐఎన్ఎస్వీ తారిణి అనే 56 అడుగుల తెరచాప పడవలో 2017 సెప్టెంబర్‌లో గోవా నుంచి బయల్దేరి, ప్రపంచాన్ని చుట్టి, 254 రోజులకు 2018 మే 21న తిరిగొచ్చారు. ఆ ఆరుగురిలో విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. హైదరాబాద్‌లో ఉండే గోలి శ్యామల నలభై దాటాక ఈత నేర్చుకుని, 47 ఏళ్ల వయసులో 2021 మార్చిలో శ్రీలంక వైపు నుంచి పాక్ జలసంధి ఈదారు. మా గ్రూపులో వయసు అయిపోయిందనేవాళ్లకు నేను ఆమె పేరే చెప్తాను.

మా అమ్మాయికి ఆసక్తి ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

కొండలంటే ఇష్టమైతే ముందు భువనగిరిలో రెండు మూడు రోజుల రాక్ క్లైంబింగ్ నేర్పించండి. ఇష్టం నిలబడితే డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో గానీ, ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్‌లో గానీ దాదాపు నెల రోజుల బేసిక్ కోర్సు ఉంటుంది. అక్కడి సీట్లు ముందే నిండిపోతాయి కాబట్టి ఏడాది ముందు నుంచే చూసుకోవాలి. పరుగు అయితే ఐదు, పది కిలోమీటర్లతో మొదలుపెట్టి రెండు మూడేళ్ల తర్వాతే అల్ట్రా వైపు చూడండి. ఈత అయితే లైఫ్‌గార్డ్ ఉన్న పూల్‌లోనే.

ఇంకొక మాట, తల్లిదండ్రులకు: అమ్మాయిని ఒంటరిగా పంపడానికి టెన్షన్ పడటం నాకు అర్థమవుతుంది, మా అమ్మా పడేది. అప్పుడు ఆపేయకుండా గ్రూపుతో పంపండి, లేదా మీరే వెళ్లి గుట్ట కింద కూర్చోండి. మా అమ్మ నా మొదటి 50 కిలోమీటర్ల రేసుకు ఫ్లాస్కులో టీ పట్టుకుని వచ్చింది. ఫినిష్ దగ్గర నాకంటే ముందు వచ్చినవాళ్లందరికీ పోసేసింది, నాకు మిగల్లేదు. ఆ రోజు తర్వాత ఆమె నన్ను ఎప్పుడూ ఆపలేదు.

రేసులు నిర్వహించేవాళ్లు ఏం మార్చాలి?

ఒక రాత్రి రేసులో 40 కిలోమీటర్ల దారిలో ఆడవాళ్లకు ఒక్క టాయిలెట్ కూడా లేదు. మేం ఇద్దరిద్దరం జంటగా ఆగి ఒకరికొకరు కాపలా కాసుకున్నాం. టీషర్టుల్లో ఆడవాళ్ల సైజులు లేవు. పొద్దున బహుమతులప్పుడు మగవాళ్ల ముగ్గురినీ స్టేజీ మీదికి పిలిచి ఫొటోలు తీశారు. మహిళల విజేతను పిలిచేసరికి మైకు తీగలు చుట్టేస్తున్నారు. ఆమె 80 కిలోమీటర్లు పరిగెత్తి, చెప్పులు వేసుకుని, బురద కాళ్లతో రెండు గంటలు అక్కడే కూర్చుని ఉంది. కవరు చేతికిచ్చి పంపేశారు. ఆమె ఏమీ అనలేదు. నాకు మాత్రం ఇంటికి వెళ్లేదాకా కడుపు రగులుతూనే ఉంది.

కాబట్టి నేను అడిగేవి చిన్నవే. ప్రతి చెక్‌పాయింట్‌లో తలుపున్న టాయిలెట్, ఒక ప్యాకెట్ శానిటరీ న్యాప్‌కిన్లు, చీకటి దారిలో వాలంటీర్లుగా కొందరు ఆడవాళ్లు, ఒకే స్టేజీ, ఒకే మొత్తం.

ఆడవాళ్ల చేతిలో ఓడిపోతే మగవాళ్లకు చిన్నతనంగా ఉండదా?

కొందరికి ఉంటుంది. 2016లో అమెరికాను పడమర నుంచి తూర్పుకు దాటే ట్రాన్స్ ఆమ్ సైకిల్ రేసు చివరి రాత్రి, ముందున్న మగవాడిని లేల్ విల్‌కాక్స్ అందుకుంది. కలిసి ఫినిష్ చేద్దామని అతను అడిగాడు. ఇది రేసు అని ఆమె చెప్పి ముందుకు వెళ్లిపోయింది, 18 రోజుల 10 నిమిషాల్లో ఓవరాల్‌గా గెలిచింది.

కానీ నాకు నచ్చే కథ గోల్డెన్ గ్లోబ్ రేసుది. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా, జీపీఎస్ లేకుండా, నక్షత్రాలనూ సూర్యుణ్నీ చూసి దారి లెక్కగడుతూ ప్రపంచాన్ని చుట్టిరావాలి. 2022 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్‌లోని లె సాబ్ల్ దొలోన్ నుంచి 16 మంది బయల్దేరారు. దక్షిణాఫ్రికాకు చెందిన కిర్‌స్టెన్ నోయిషేఫర్ ఒక్కతే మహిళ. నవంబర్‌లో హిందూ మహాసముద్రంలో తోటి పోటీదారు టాపియో లెహ్టినెన్ పడవ మునిగిపోయింది. కిర్‌స్టెన్ రేసు పక్కనపెట్టి, రాత్రంతా పడవ నడిపి, లైఫ్ రాఫ్ట్‌లో ఉన్న అతన్ని తన పడవలోకి ఎక్కించుకుంది. తర్వాత ఒక సరుకుల ఓడకు అప్పగించి మళ్లీ రేసులోకి వెళ్లింది. 2023 ఏప్రిల్ 27న, 235 రోజుల తర్వాత, మొదటి స్థానంలో ఒడ్డు చేరింది.

రెండు రోజుల తర్వాత రెండో స్థానంలో వచ్చింది మన అభిలాష్ టోమీ, నౌకాదళ మాజీ అధికారి. అదే రేసులో 2018లో తుఫానుకు ఆయన పడవ తెరచాప కొయ్య విరిగి, వెన్నెముక దెబ్బతిని, నడిసముద్రంలో కదల్లేకుండా పడి ఉంటే ఫ్రెంచి ఓడ వచ్చి కాపాడింది. వెన్నులో టైటానియం కడ్డీలతో మళ్లీ అదే సముద్రానికి వెళ్లి పూర్తిచేశారు. ఎక్కడా ఆగకుండా చివరిదాకా వచ్చినవాళ్లు 16 మందిలో ముగ్గురే. ఆ ఫలితాల్లో ఆయన పేరుకు పైన ఒక ఆడమనిషి పేరు ఉందని చిన్నతనంగా మాట్లాడినవాళ్లు నాకింతవరకు ఎదురుపడలేదు.